నాలుగో భాగంలో లేని మాట

2012 ఆగస్టులో ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదికి పిలిచి కొత్త బాధ్యత ఒకటి అప్పగించారు. అప్పటికి నేను కోదాడ, సూర్యాపేటల మధ్య హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్ విభాగానికి అధిపతిని. నా సబ్జెక్టు కెమిస్ట్రీ. ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు ఏ బ్రాంచిలో చేరినా మొదటి సంవత్సరమంతా ఈ విభాగం కిందే ఉంటారు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఇంగ్లీషు చెప్పేది మేమే కాబట్టి హాజరు దగ్గర్నుంచి హాస్టల్ గొడవల దాకా వాళ్ళ మంచిచెడ్డలు మేమే చూసుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకు సంబంధించిన పని ఏదొచ్చినా చివరికి నా బల్ల మీదికే చేరేది.

ఈసారి వచ్చింది మద్యం గురించిన ఆన్‌లైన్ కోర్సు. అంతకు ముందు ఏడాది ఫేర్‌వెల్ రోజున తాగి బండి నడిపిన ఇద్దరు ఫైనలియర్ కుర్రాళ్ళు హైవే మీద ఆగి ఉన్న లారీని గుద్దుకున్నారు. ఒకరు చనిపోయారు. యాజమాన్యం తన పరువు కోసమో, పిల్లల కోసమో, బహుశా రెంటికోసమూ నగరంలోని ఒక సంస్థ దగ్గర ఈ కోర్సు తీసుకుంది. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ మొదటి మిడ్ పరీక్షలలోపు దాన్ని పూర్తి చేయాలి. ప్రిన్సిపాల్ గారిది జగ్గయ్యపేట వైపు, మాట తీరూ అటుదే. "మేడం, సర్టిఫికెట్ ఉంటేనే మిడ్‌కి కూర్చోనిస్తామని నోటీసు పెట్టేద్దామండి. లేకపోతే ఎవరూ చూడరు," అన్నారు. నోటీసు పెట్టించాం.

కోర్సు నాలుగు భాగాలు. విద్యార్థి తన హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ అయి ఒక్కో భాగంలో వీడియోలు చూడాలి, చివర క్విజ్ రాయాలి. అందులో నెగ్గితేనే తర్వాతి భాగం తెరుచుకుంటుంది. మొదటి భాగం మద్యం శరీరంలో ఏం చేస్తుందో చెబుతుంది. రెండోది స్నేహితులు బలవంతపెడితే వద్దని ఎలా అనాలో, మూడోది తాగి బండి నడిపితే ఏమవుతుందో. నాలుగో భాగం పేరు 'మీవాళ్ళతో మాట్లాడండి'. తాగుడుకు అలవాటుపడ్డ మనిషితో ఆ మాట ఎలా ఎత్తాలో అందులో నేర్పుతారు. మత్తులో ఉన్నప్పుడు మాట్లాడవద్దు, తప్పుపట్టవద్దు, మీరు కళ్ళతో చూసింది చెప్పండి, మీకు ఎలా అనిపించిందో చెప్పండి, తర్వాత అడగండి. పద్ధతి మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

మాకు రెండు కంప్యూటర్ ల్యాబులు. ఆ సంవత్సరం కరెంటు కోతలు ఎంత దారుణంగా ఉండేవో ఈ ప్రాంతం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జనరేటర్ నడిచే వేళలు చూసుకుని సెక్షన్లవారీగా బ్యాచ్‌లు వేశాను. మిర్యాలగూడ నుంచి కాలేజీ బస్సులో వచ్చేదాన్ని కాబట్టి సాయంత్రం బస్సు కదిలే దాకా ల్యాబులోనే కూర్చునేదాన్ని. వీడియోలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. వాటిలో రాహుల్ అనే కుర్రాడు రంగురంగుల దీపాల కింద గాజు గ్లాసు పట్టుకుని ఉంటాడు. పిల్లలు నవ్వేవారు. పెన్‌పహాడ్ నుంచి వచ్చే ఒక అబ్బాయి, "మేడం, మా ఊర్ల గిసుంటి గ్లాసులుండయి, బెల్టు షాపుల ప్లాస్టిక్ గ్లాసే," అన్నాడు. పర్మిట్ లేకుండా కిరాణా కొట్ల వెనక సీసాలు అమ్మే చోటును బెల్టు షాపు అంటారు. అప్పట్లో మంచినీళ్ళ ట్యాంకు లేని ఊరు ఉండేదేమో గాని బెల్టు షాపు లేని ఊరు ఉండేది కాదు.

అలా నవ్వని పిల్లల్లో మంజుల ఒకతె. కంప్యూటర్ సైన్సు బ్రాంచి. మోతె మండలంలోని ఒక పల్లె. తల్లిదండ్రులకు గొర్రెల మంద ఉంది, కొంచెం మెట్ట భూమి ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ర్యాంకు తెచ్చుకుని, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేరింది. ఇంగ్లీషు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడిగేది. నాలుగో భాగం పూర్తయ్యాక మిగతా పిల్లలు లేచి వెళ్ళిపోతే తను మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది. ఎందుకని అడిగాను.

"మేడం, గిది దోస్తులకు చెప్పేందుకేనా? ఇంట్లోళ్ళకు కూడ పనికొస్తదా?"

ఎవరికైనా మాట్లాడే పద్ధతి ఒకటే కదా అన్నాను. స్క్రీన్ వైపే చూస్తూ, "మా నాయన తాగుతడు మేడం. దసరా సెలవులకు పోయినప్పుడు గిట్లనే చెప్పి సూస్త," అంది. మంచిది, చెప్పి చూడమన్నాను. క్లాసులో ఎంతోమంది తండ్రుల సంగతి అదేనని నాకు తెలుసు. ధైర్యంగా పైకి చెప్పింది మాత్రం ఆ పిల్లే.

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచాక మంజుల రాలేదు. మాకు మెంటర్ పద్ధతి ఉండేది. ఒక్కో లెక్చరర్‌కు కొందరు పిల్లల్ని అప్పగిస్తాం. వాళ్ళలో ఎవరైనా వరసగా రాకపోతే ఆ లెక్చరర్ పిల్లల ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని విభాగాధిపతికి చెప్పాలి. మంజుల మెంటర్ ఫిజిక్సు చెప్పే కుర్ర లెక్చరర్. ఆయన వచ్చి, "మేడం, వాళ్ళ నాన్న చనిపోయారట. ఇక చదువు మాన్పిస్తున్నామని ఎవరో మగమనిషి చెప్పి ఫోన్ పెట్టేశారు," అన్నారు.

ఆ ఆదివారం నేను సూర్యాపేట దాకా బస్సులో వెళ్ళి అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో తల్లి యాదమ్మ ఒక్కతే ఉంది. నేనెవరో చెప్పగానే లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. నీళ్ళిచ్చి, తాను గడప మీద కూర్చుంది. ఏమైందని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"మా ఆయనకు పొద్దున లేవంగనె కావాలె మేడం. లేకుంటె చేతులు వణికేటియి. మొదలు కల్లు తాగెటోడు, ఇగ ఈ సీసాలొచ్చినంక కల్లు సాలలె. ఏండ్ల సంది మొత్తుకున్న. ఇన్లె. బిడ్డ బతుకమ్మకు ఇంటికొచ్చి, తెల్లారి ఆయన పక్కన కూసున్నది. కోపం జెయ్యలె, ఏడ్వలె. 'నాయనా, నువ్వు పండ్లు తోమక ముందే తాగుతున్నవ్. నేను సూస్తున్న. నాకు భయమైతాంది. నా కోసం మానవా?' అన్నది. గంతే. ఆ మనిషి జరసేపు నేల దిక్కు సూసిండు. లేసి సీసా తీస్కపోయి పెంటకుప్పల పారబోసిండు. నేనైతె నమ్మలె."

ఆయన పేరు సైదులు. ఊళ్ళో అందరూ తాగే దసరా నాడు ఆయన తాగలేదు. జమ్మి చెట్టు దగ్గర తోటివాళ్ళు గ్లాసు చేతికిచ్చి నవ్వితే, "నా బిడ్డకు మాటిచ్చిన," అని పక్కన పెట్టాడట. ఆ మాట చెప్పేటప్పుడు యాదమ్మ గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది. అప్పటికే ఆయన చేతులు బాగా వణుకుతున్నాయి. ఒళ్ళంతా చెమట పోస్తోంది. అన్నం తినలేదు, నిద్రపోలేదు. మానేసినప్పుడు మొదట కొంచెం అలాగే ఉంటుందిలే అనుకున్నారు.

"పొద్దుగూకినంక వేరె తీరుగ జేసిండు. 'గొర్లు ఇంట్లకొచ్చినయి, తోలుండ్రి, బియ్యం తింటున్నయి,' అని కట్టె పట్టుకోని లేసిండు. ఇంట్ల ఒక్క గొర్రె లేదు మేడం. నన్ను సూసి ఎవలు నువ్వు అన్నడు. గాలి సోకిందేమో అని మేం అనుకున్నం. మా మరిది వెంకన్న వచ్చి, 'వదినె, ఒక్క గుక్క పొయ్యుండ్రి, సదురుకుంటడు,' అన్నడు. బిడ్డ పొయ్యనియ్యలె. 'వద్దు చిన్నాయనా, ఒక్క సుక్క పోసినా మళ్ళ మొదటికొస్తది,' అని సీసా గుంజుకున్నది. సదువుకున్న పిల్ల, దానికి తెలుస్తదని నేను ఊకున్న."

మర్నాడు తెల్లవారేసరికి ఫిట్స్ వచ్చాయి. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. ఆటోలో సూర్యాపేట తీసుకువెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. దవాఖానాలో డాక్టరు నాడి చూసి తీసుకుపొమ్మన్నారు. ఎందుకు పోయాడో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పటిదాకా మాట్లాడిన గొంతుతోనే అంది: "ఊళ్ళె మొగోళ్ళు తాగి సస్తరు మేడం. మా ఆయన మానేసి సచ్చిండు."

మంజుల ఎక్కడని అడిగాను. మందను తోలుకుని వాగు వైపు వెళ్ళిందని చెప్పింది. సైదులు పోయాక గొర్రెలను మేపే మనిషి లేడు. వెంకన్నకు తన మంద తనకుంది. దినాల రోజున పదిమందిలో అతను, "తండ్రిని సంపేటందుకా నీకు సదువు చెప్పిచ్చింది," అన్నాడట. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు తెరవకుండా, కర్ర పట్టుకుని మంద వెంట పోవడం మొదలుపెట్టింది.

వాగు గట్టు మీద తుమ్మ చెట్టు నీడలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, నమస్కారం పెట్టింది. ఇద్దరం కూర్చున్నాం. కాలేజీ మాట నేను ఎత్తలేదు. గొర్రెలు ఎన్నాళ్ళకు ఈనుతాయో, మేత ఎక్కడ దొరుకుతుందో, అలాంటివే అడిగాను. పొడిపొడిగా జవాబులు చెప్పింది. తర్వాత తనే అంది.

"మేడం, గా క్విజ్‌ల నాకు అన్నీ రైటే వచ్చినయి."

మందలోంచి తప్పిన గొర్రెను కర్రతో అదిలించి మళ్ళీ అంది.

"ఒక్కసారే గద అని పోస్తే మళ్ళ మొదలైతదా, కాదా అని గది కూడ ఒక ప్రశ్నే మేడం. నేను కరెక్టే పెట్టిన. చిన్నాయన పోస్తనంటె నేనే అడ్డం పడ్డ. పోస్తె బతుకుతుండె."

మద్యం అణువు నిర్మాణం బోర్డు మీద గీయగలను. అది కాలేయంలో ఏయే మార్పులు పొందుతుందో సమీకరణాలతో సహా చెప్పగలను. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారి ఆపేస్తే ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు. తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకువెళ్తాను, మీ అమ్మతోపాటు మీ చిన్నాన్ననూ రమ్మను అన్నాను. చిన్నాయన రాడు అంది. నేనే వెళ్ళి పిలిచాను. వెంకన్న మొదట ముఖం తిప్పుకున్నాడు. మీ అన్న ఎందుకు పోయాడో మీకు తెలుసుకోవాలని లేదా అని అడిగితే, తల వంచుకుని, వస్తానన్నాడు.

సూర్యాపేటలో ఒక మానసిక వైద్యుడు అప్పుడు క్లినిక్ నడిపేవారు. ఆయన ముందు నలుగురం కూర్చున్నాం. యాదమ్మ మొత్తం మళ్ళీ చెప్పింది. ఆయన మధ్యలో ఆపి పొద్దున్నే తాగేవాడా, మానేసిన ఎన్ని గంటలకు వణుకు మొదలైంది, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగి తెలుసుకున్నారు. తర్వాత మంజుల వైపు తిరిగి మాట్లాడారు.

"చూడమ్మా, ఏండ్ల తరబడి పొద్దున్నే తాగే మనిషికి మెదడు ఆ మందుకు అలవాటుపడి ఉంటది. ఒక్కసారి ఆపితే అదుపు తప్పుతది. రెండు మూడు రోజులలో వణుకు, చెమటలు, లేనివి కనబడుడు, ఫిట్స్. అందరికీ ఇంత తీవ్రంగ రాదు. కానీ వస్తే ప్రాణం మీదికొస్తది. ఇట్లాంటోళ్ళను దవాఖానల పడుకోబెట్టి, మందులిచ్చి మెల్లగ మాన్పియ్యాలె."

మంజుల అడిగింది: "చిన్నాయన పోస్తనన్నది పోస్తే బతుకుతుండెనా సార్?"

ఓదార్పు కోసం అబద్ధం చెబుతారేమో అనుకున్నాను. చెప్పలేదు.

"నాకు తెల్వదమ్మా. బతికేవాడేమో, కాదేమో. సోయి లేని మనిషి నోట్ల పోస్తే ఊపిరితిత్తుల్లకు పోయి అప్పుడే పోయేటోడు కూడ కావచ్చు. అతనికి కావలసింది సీసా కాదు, దవాఖాన. ఆ సంగతి మీ ఇంట్ల ఎవరికీ తెల్వదు. నీకు ఎవరూ చెప్పలేదు. మీ నాయన నీ మాట విని మానిండు. అట్ల అడుగుడు తప్పు కాదు."

మంజుల అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయిన తర్వాత అదే మొదటిసారి అని యాదమ్మ నాతో తర్వాత చెప్పింది.

బయటికొచ్చాక క్లినిక్ మెట్ల దగ్గర వెంకన్న ఆగిపోయాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "పదిమందిల నేనన్న మాట తప్పు బిడ్డ," అన్నాడు. "మా అన్న ఆకులెక్క వణుకుతుంటే సూసి అన్న. రేపటి సంది మీ మందను నా మందల కలుపుకుంట. నువ్వు కాలేజికి పో." మంజుల తల ఊపింది.

నవంబరులో తిరిగి వచ్చింది. మునుపటిలా ప్రశ్నలు అడగడం మానేసింది. కెమిస్ట్రీ ల్యాబులో స్పిరిట్ దీపాలు వెలిగించే రోజున ఆ వాసనకు లేచి బయటికి వెళ్ళిపోయేది. గ్యాస్ బర్నర్ ఉన్న చివరి బల్ల దగ్గరికి ఆమె బ్యాచ్‌ను మార్చాను. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ సంవత్సరం పరీక్షల్లో కొన్ని సబ్జెక్టులు పోయాయి. సప్లిమెంటరీలో రాసుకుంది.

కోర్సు తయారుచేసిన సంస్థకు నేను జరిగింది వివరంగా రాసి, నాలుగో భాగంలో ఈ ప్రమాదం గురించి చెప్పమని అడిగాను. కొన్నాళ్ళకు వాళ్ళ తరఫున ఒకాయన ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. ఇది విద్యార్థులు తాగకుండా చేయడానికి ఉద్దేశించిన కోర్సు, ఏళ్ళుగా తాగేవాళ్ళ చికిత్స దీని పరిధిలోకి రాదు, వైద్య సలహా ఇస్తే చట్టపరమైన చిక్కులొస్తాయి అన్నారు. మీ కోర్సు చూసే పిల్లల్లో చాలామంది తాగరు, వాళ్ళ తండ్రులు తాగుతారు, వాళ్ళతో మాట్లాడమని మీరే నేర్పుతున్నారు కదా అన్నాను. పైవాళ్ళతో చెబుతానన్నారు. మళ్ళీ ఫోన్ రాలేదు.

ప్రిన్సిపాల్ గారితో, ఆ మాట చేర్చకుండా వచ్చే సంవత్సరం ఈ కోర్సు నేను జరపలేనని చెప్పాను. ఆయన ఇబ్బందిపడ్డారు. ఒప్పందం, సంస్థ, యాజమాన్యం అంటూ ఏదో అన్నారు. చివరికి, "వాళ్ళ కోర్సు జోలికి మనం వెళ్ళొద్దండీ. మన సర్వర్లో వేరే పేజీ పెట్టుకుందాం. అది చూశాకే నాలుగో భాగానికి పంపండి," అని దారి చూపించారు. సూర్యాపేట డాక్టరు గారు సరిదిద్దగా తెలుగులో ఒక పేజీ తయారుచేశాను. చదివి వినిపించేలా నా గొంతే రికార్డు చేయించాను.

రికార్డింగుకు ముందు మంజులకు చూపించాలా వద్దా అని చాలా ఆలోచించాను. అడిగితే చూస్తానంది. నిలబడే చదివింది. నేను 'మద్యపాన విరమణ లక్షణాలు' అని రాశాను. "గీ మాట మా అమ్మకు తెల్వదు మేడం," అంది. "చేతులు వణుకుతయి, చెమటలు పోస్తయి, లేనివి కనబడతయి అని పెట్టుండ్రి. గాలి సోకింది అనుకోవద్దని కూడ పెట్టుండ్రి." పెట్టాను. రికార్డింగులో దాన్ని నీ గొంతుతో చదువుతావా అని మాత్రం నేను అడగలేదు. ఆ తర్వాత తండ్రి సంగతి మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు.

2013లో చేరిన పిల్లలు ఆ పేజీ చూశారు. వాళ్ళలో ఒక అబ్బాయి సంక్రాంతికి ముందు నా గదికి వచ్చి, మా నాయన మానుతనంటున్నడు, ఏ దవాఖానకు తీసుకపోవాలె అని అడిగాడు. చిరునామా రాసిచ్చాను. ఆ తండ్రిని కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపారు. ఎండాకాలంలో ఆయన మళ్ళీ తాగడం మొదలుపెట్టాడని ఆ అబ్బాయే చెప్పాడు. చెప్పి, "మనిషైతే ఉన్నడు మేడం," అన్నాడు.

నేను 2014లో పదవీ విరమణ చేశాను. అప్పటికి మంజుల చదువు పూర్తి కావడానికి ఇంకా సమయం ఉంది. వెంకన్న రెండు మందలనూ మేపుతూనే ఉన్నాడు. నా వీడ్కోలు సభకు మంజుల వచ్చింది, వెనక వరసలో కూర్చుంది, సభ అయ్యాక పలకరించకుండానే వెళ్ళిపోయింది. నేనూ పిలవలేదు.

కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసేవాళ్ళకు ఒక నియమం ఉంటుంది. యాసిడ్ సీసా మీద ప్రమాదం అని రాస్తే సరిపోదు. ఒలికితే ఏం చేయాలో, ఎవరిని పిలవాలో పక్కనే రాసి ఉండాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ నియమం ల్యాబు గోడల మధ్యనే పాటించాను. మద్యం మానమని చెప్పే ప్రతి పాఠానికీ అది వర్తిస్తుందని మంజుల తండ్రి చనిపోయాక తెలిసింది. రోజూ తాగే మనిషిని మానమని అడగడం నేర్పేవాళ్ళు, ఆ మనిషి ఒప్పుకుంటే మర్నాడు అతన్ని ఎక్కడికి తీసుకువెళ్ళాలో అదే పాఠంలో చెప్పాలి. అది చెప్పలేని పాఠం పిల్లల చేతికి ఇవ్వకూడదు.